ఏప్రిల్‌లో మంచు ఎక్కడ దొరుకుతుంది? గుల్‌మార్గ్, మనాలి, ఔలి, సిక్కింలో గోదావరి జిల్లాల వాళ్లకు ఏది కుదురుతుంది

మన జిల్లాల్లో మంచు కొండల టూర్ అనగానే ముందు ఊరి పేరు మీద చర్చ మొదలవుతుంది. ఒకరు గుల్‌మార్గ్ అంటారు, ఇంకొకరు మనాలి అంటారు, వాట్సాప్ గ్రూపులో మూడో ఆయన సిక్కిం ఫొటో పెడతాడు. తేదీ మాట ఆఖర్న వస్తుంది. పిల్లల పరీక్షలయ్యాక, దాళ్వా కోతలయ్యాక, చెరువు పట్టుబడి అయ్యాక అంటారు. లెక్క వేస్తే అది ఏప్రిల్ నెలాఖరు. అప్పటికి మన దేశంలో స్కీయింగ్ జరిగే వాలుల్లో చాలాచోట్ల మంచు కరిగి గడ్డి కనిపిస్తూ ఉంటుంది.

అందుకే ఈ ఎంపిక తిరగేసి చేయాలంటాను. ముందు తేదీ. తేదీని బట్టి ఎంత ఎత్తుకు వెళ్లాలో తేలుతుంది. ఎత్తు తేలాక ఊరు ఎంచుకోవడం పెద్ద పని కాదు. ఫొటో చూసి ఊరు ఎంచుకుంటే చిక్కేమిటంటే, ఆ ఫొటో ఏ నెలలో తీసిందో ఎవరూ చెప్పరు.

## ముందు తేల్చుకోవాల్సినవి

మీకు ఖాళీ ఎప్పుడు? మన దగ్గర మూడు రకాల ఖాళీలు ఉంటాయి. సంక్రాంతి వెళ్లి దాళ్వా నాట్లు పూర్తయ్యాక, ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మధ్య దాకా ఒకటి. నీళ్ల వంతు చూసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటే రైతులకూ, రిటైరైనవాళ్లకూ, కొత్తగా పెళ్లయినవాళ్లకూ, ఇంకా బడి మొదలుకాని పిల్లలున్నవాళ్లకూ ఇది కుదురుతుంది. ఇంటర్ పరీక్షలయ్యాక మార్చి చివరి నుంచి ఏప్రిల్ రెండో వారం దాకా ఇంకొకటి. బడులకు వేసవి సెలవులిచ్చాక, అంటే ఏప్రిల్ చివరి వారం నుంచి మూడోది. మంచు లెక్కలో ఇవి మూడు వేర్వేరు కాలాలు. మొదటి ఖాళీలో వెళ్లినవాళ్లు చెప్పిన మాట మూడో ఖాళీలో వెళ్లేవాళ్లకు పనికిరాదు.

స్కీయింగ్ నేర్చుకోవాలా, మంచు చూస్తే చాలా? స్కీయింగ్‌కి వాలు పొడవునా రాళ్లు పైకి తేలకుండా అడుగు, అడుగున్నర మందాన అణిగిన మంచు కావాలి. మంచు ముద్దలు విసురుకోవడానికి, స్లెడ్జ్ మీద జారడానికి రోడ్డు పక్కన నీడలో మిగిలిన కుప్ప చాలు. మనవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది రెండోదే, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే మొదటిదానికి డబ్బు కట్టి రెండోది చేసి వస్తుంటారు. అది ముందే తేల్చుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

ఇంట్లోంచి ఎవరెవరు వస్తున్నారు? భీమవరం, అమలాపురం వైపు మనం ఉండేది సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో. అక్కడి నుంచి రెండు మూడు రోజుల్లో నాలుగు వేల మీటర్లు ఎక్కితే తలనొప్పి, వాంతులు, ఆయాసం వచ్చే అవకాశం వయసుతో సంబంధం లేకుండా అందరికీ ఉంటుంది. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ఉంటే ఊరి ఎంపికే మారిపోతుంది.

దారి మూసుకుపోతే ఓర్చుకోగలరా? మంచు కోసం వెళ్తాం, కానీ మంచు గట్టిగా పడిన రోజునే దారి మూస్తారు, కేబుల్ కారు ఆపేస్తారు. తిరుగు టికెట్ కదల్చలేనివాళ్లు వసంతంలో తుపాను రోజుల్లో చిక్కుకునే చోటికి వెళ్లకపోవడమే మంచిది.

## వసంతంలో అక్కడి వాతావరణం ఎలా నడుస్తుందంటే

మనకు వాతావరణం చెడిపోయేది బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టినప్పుడు. హిమాలయాలకు చలికాలంలో మంచు తెచ్చేది పడమర నుంచి వచ్చే అలజడులు. వీటినే వెస్టర్న్ డిస్టర్బెన్సులు అంటారు. మధ్యధరా సముద్రం, కాస్పియన్ సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్ఘానిస్థాన్ మీదుగా వచ్చి ముందు కశ్మీర్‌ని, తర్వాత హిమాచల్‌ని, ఆ తర్వాత ఉత్తరాఖండ్‌ని తాకుతాయి. తూర్పుకు వెళ్లేకొద్దీ చాలావాటిలో బలం తగ్గుతుంది. ఒకే అలజడిలో గుల్‌మార్గ్‌కి రెండడుగుల మంచు పడి, ఉత్తరాఖండ్‌లోని ఔలికి నాలుగు చినుకులతో సరిపెట్టడం మామూలే.

మార్చి వచ్చేసరికి ఈ అలజడులు ఆగిపోతాయనుకోవద్దు. శ్రీనగర్‌లో ఏడాది మొత్తంలో ఎక్కువ వర్షపాతం ఉండే నెల మార్చే. అంటే వసంతంలో తేమకు లోటు ఉండదు. ఆ తేమ వానగా పడుతుందా, మంచుగా పడుతుందా అన్నదే అసలు ప్రశ్న. అది తేల్చేది ఎత్తు.

కాగితం తీసుకుని లెక్క వేయండి. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. శ్రీనగర్ ఎత్తు దాదాపు 1,585 మీటర్లు. అక్కడ 10 డిగ్రీలు ఉంటే, 2,650 మీటర్ల ఎత్తున్న గుల్‌మార్గ్ ఊళ్లో 3, 4 డిగ్రీలు. అక్కడి కేబుల్ కారు (దాన్నే గండోలా అంటారు) మొదటి దశ ఆగే కొంగ్‌డూరీ దగ్గర, అంటే 3,100 మీటర్ల దగ్గర, ఒక డిగ్రీ. రెండో దశ ఆగే అఫర్వట్ దగ్గర, దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో, మైనస్ 4. సున్నా డిగ్రీలుండే ఎత్తుకు ఇంకో మూడు వందల మీటర్లు కింద దాకా మంచు రాలుతుంది, ఆ కింద వానే. కాబట్టి అదే రోజు, అదే మేఘం కింద, శ్రీనగర్‌లో గొడుగు వేసుకుంటారు, గుల్‌మార్గ్ ఊళ్లోనూ వానే పడుతుంది, కొంగ్‌డూరీ దగ్గర తడి మంచు పడుతుంది, అఫర్వట్ మీద పొడి మంచు పడుతుంది. శ్రీనగర్‌లో 18 డిగ్రీలు దాటిన రోజు ఇదే లెక్క కడితే కొంగ్‌డూరీ దగ్గర కూడా వానే పడుతుందని మీకే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఉత్తరానికి వెళ్లేకొద్దీ తక్కువ ఎత్తులోనే మంచు నిలుస్తుంది. గుల్‌మార్గ్ 34 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మనాలి 32 దగ్గర, ఔలి 30న్నర దగ్గర, సిక్కింలోని యుమ్‌థాంగ్ 28 లోపే. ఔలి ఎత్తు గుల్‌మార్గ్‌కి దగ్గరగానే ఉన్నా అక్కడ మంచు ముందే పోవడానికి ఇది ఒక కారణం. సిక్కింలో ఏప్రిల్ ఆఖరున మంచు కావాలంటే 4,000 మీటర్లు దాటాల్సి రావడానికీ ఇదే కారణం.

వసంతపు మంచుకు రోజులోనూ ఒక టైమ్ టేబుల్ ఉంటుంది. రాత్రి చలికి పైపొర గడ్డకడుతుంది కాబట్టి పొద్దున్న ఎనిమిదికి వాలు గట్టిగా ఉంటుంది. కొత్తగా స్కీలు కట్టినవాళ్లు ఆ గట్టిదనం మీద ఆపుకోలేక జారిపోతారు. పదిన్నర నుంచి పన్నెండు దాకా పైన అంగుళం మేర మెత్తబడి స్కీయింగ్‌కి హాయిగా ఉంటుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి దమ్ము చేసిన మడిలో దిగినట్టే, కాలు వేస్తే మోకాలి కింద దాకా కూరుకుపోతుంది. అద్దెకు తీసుకున్న గమ్ బూటు లోపలికి చల్లనీళ్లు దిగుతాయి, కాటన్ సాక్స్ తడిసి వేళ్లు మొద్దుబారతాయి, పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. హోటల్లో టిఫిన్ తిని తీరిగ్గా పదకొండుకు బయల్దేరే అలవాటు మనది. ఫిబ్రవరిలో అది చెల్లుతుంది, మార్చి ఆఖరున చెల్లదు.

ఏటా ఒకేలా ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ వాలులు మంచు లేక గోధుమ రంగులో కనిపించాయి. 2025లో అక్కడ ఫిబ్రవరి 22 నుంచి జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక వాయిదా పడి మార్చి 9 నుంచి 12 దాకా జరిగాయి. మధ్యలో ఫిబ్రవరి ఆఖరి వారంలో వచ్చిన గట్టి అలజడి పరిస్థితిని మార్చేసింది. అదే వారంలో, ఫిబ్రవరి 28న, బద్రీనాథ్ పైన మాణా దగ్గర మంచు చరియ విరిగిపడి రోడ్డు పనుల శిబిరంలోని కార్మికులు 8 మంది చనిపోయారు. కొన్ని వారాల కరువు, తర్వాత రెండు మూడు రోజుల కుండపోత. ఈమధ్య వసంతం ఇలాగే నడుస్తోంది. జనవరిలో మంచు లేదని మార్చి టూర్ రద్దు చేసుకోవడం తొందరపాటే. డిసెంబరులో బాగా పడిందని ఏప్రిల్‌కి బుక్ చేయడం కూడా తొందరపాటే.

## గుల్‌మార్గ్

స్కీయింగే కావాలి, వసంతంలోనే వెళ్లాలి అంటే నా ఓటు దీనికే. ఇక్కడ గండోలా రెండు దశల్లో దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. కింద కరిగినా పైన ఉంటుంది. మిగతా చోట్ల లేని వెసులుబాటు ఇదే. మార్చి మొదటి సగంలో ఊళ్లోని వాలుల మీద కూడా నేర్చుకోవచ్చు. మార్చి చివరికి కొంగ్‌డూరీ పైకి జరగాలి. ఏప్రిల్‌లో అఫర్వట్ మీదే ఆశ పెట్టుకోవాలి, అది కొత్తవాళ్లు స్కీ చేసే వాలు కాదు. ఏప్రిల్ నెలాఖరులో పిల్లలతో వెళ్తే రెండో దశ ఎక్కి మంచు తాకి, ఫొటోలు దిగి దిగిపోవడమే. దానికీ చాలామంది సంతోషంగానే వస్తారు.

నేర్పడానికి కేంద్ర పర్యాటక శాఖ నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఇక్కడే ఉంది. ప్రైవేటు శిక్షకులూ బోలెడుమంది. బేరం ఆడేటప్పుడు స్కీలు, బూట్లు, కర్రలు, శిక్షకుడు అన్నీ కలిపి గంటకా, రోజుకా అన్నది ముందే తేల్చుకోండి. స్లెడ్జ్ లాగేవాళ్లు గుల్‌మార్గ్ కిందున్న టాంగ్‌మార్గ్‌లో కారు ఆగగానే చుట్టుముడతారు. వాళ్లకు బతుకుతెరువు ఈ నాలుగు నెలలే కాబట్టి విసుక్కోకుండా, వద్దంటే వద్దని ఒక్కసారి గట్టిగా చెప్పడం మేలు.

గండోలా టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, రద్దీ రోజుల్లో అక్కడికి వెళ్లి కొందామంటే దొరకదు. గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారు. కాబట్టి గుల్‌మార్గ్‌కి ఒక్క రోజు మాత్రమే కేటాయించే ప్యాకేజీలు వసంతంలో జూదమే. శ్రీనగర్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడం కాకుండా రెండు రాత్రులు అక్కడే ఉంటే, ఒక రోజు మబ్బు పట్టినా ఇంకో రోజు దక్కుతుంది.

అఫర్వట్ పక్కల వాలులు మంచు చరియలకు పేరుపడ్డవి. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ అక్కడే చనిపోయారు. వాళ్లందరూ గీత దాటి బయటి వాలుల మీద ఉన్నవాళ్లు. "పక్కన కొత్త మంచు బాగుంది సార్, పదండి" అని గైడు అన్నా, తాళ్లు కట్టిన గీత దాటకండి.

దారి విషయానికొస్తే, 2025 జూన్ 6న కట్రా నుంచి శ్రీనగర్‌కి రైలు మొదలయ్యాక పరిస్థితి మెరుగైంది. అంతకుముందు జమ్మూ హైవే ఒక్కటే దిక్కు. వసంతపు వానలకు ఆ హైవే ఎలా తెగిపోతుందో 2025 ఏప్రిల్ 20న రాంబన్ దగ్గర అందరూ చూశారు. విమానం అయితే మన రాజమండ్రి, గన్నవరం, విశాఖల నుంచి ఢిల్లీ లేదా హైదరాబాద్ మీదుగా. 2025 ఏప్రిల్ 22 పహల్గాం దాడి తర్వాత కశ్మీర్‌లో కొన్ని పర్యాటక ప్రాంతాలు మూసి విడతలవారీగా తెరిచారు. వెళ్లే వారం ఏవి తెరిచి ఉన్నాయో స్థానిక పర్యాటక శాఖ ప్రకటన చూసుకుని బయల్దేరండి. ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో కనీసం ఒకరి ఫోన్ పోస్ట్‌పెయిడ్ అయి ఉండాలి.

## మనాలి, సోలాంగ్, సిస్సు

మనాలికి మన దగ్గర ఉన్న పేరు దాని మంచుకంటే పెద్దది. ఊరి ఎత్తు 2,050 మీటర్లే. సోలాంగ్ లోయ ఓ 500 మీటర్లు పైన. ఫిబ్రవరిలో సోలాంగ్‌లో స్కీయింగ్ నేర్చుకోవడం బాగుంటుంది. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ చలికాలంలో స్కీ కోర్సులు నడుపుతుంది, తీరిక ఉన్న కాలేజీ కుర్రాళ్లకు అదే చవకైన, పద్ధతైన దారి. మార్చి రెండో సగం వచ్చేసరికి సోలాంగ్‌లో బురద, గడ్డి, పారాగ్లైడింగ్.

2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక ఇక్కడి లెక్క మారింది. టన్నెల్ దాటితే లాహుల్. 3,100 మీటర్ల ఎత్తులో సిస్సు, ఇంకోవైపు కోక్‌సర్. సోలాంగ్‌లో మంచు పోయాక కూడా ఇక్కడ ఉంటుంది. ఏప్రిల్ ఆఖరున బడి పిల్లలతో వెళ్లేవాళ్లకు కోక్‌సర్ వైపు నీడ వాలుల మీద ఆడుకునేంత మంచు దొరికే అవకాశం ఎక్కువ. కారు దిగితే మంచే, పెద్దవాళ్లు నడవాల్సిన పనీ పెద్దగా ఉండదు. ఇంకా పైనున్న రోహ్‌తాంగ్ 3,978 మీటర్లు. సాధారణంగా మేలో గానీ పర్యాటకులకు తెరవరు. తెరిచాక రోజుకు 1,200 బండ్లకే పర్మిట్, మంగళవారం సెలవు.

చిక్కు ట్రాఫిక్. కొత్త మంచు పడిన మర్నాడు సోలాంగ్ నుంచి టన్నెల్ దాకా కార్లు బారులు తీరతాయి. పోలీసులు ఫోర్ బై ఫోర్ బండ్లను, చక్రాలకు గొలుసులు కట్టినవాటిని మాత్రమే వదులుతారు. చండీగఢ్ నుంచి మనాలికి దాదాపు 300 కిలోమీటర్ల కొండ దారి. వాంతుల బాధ ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

## ఔలి

చూడటానికి ఈ నాలుగింటిలో నాకు నచ్చేది ఔలి. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి, జనం తక్కువ, వాలు పొందికగా ఉంటుంది. 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ పోటీలు ఇక్కడ జరిగాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ స్కీ కోర్సులు నడుపుతుంది. కానీ ఎత్తు 2,500 నుంచి 3,050 మీటర్లే, పైకి తీసుకెళ్లే పెద్ద లిఫ్టు లేదు, అక్షాంశమూ కలిసిరాదు. అందుకే జాతీయ పోటీలు కూడా మంచు లేక వాయిదా పడుతుంటాయి. ఫిబ్రవరిలో అయితే సరే. మార్చి పదో తేదీ దాటాక ఔలికి స్కీయింగ్ కోసం ముందుగా డబ్బు కట్టొద్దు.

జోషీమఠ్ నుంచి ఔలికి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉండేది. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగినప్పుడు దాన్ని ఆపేశారు. మళ్లీ నడుస్తోందో లేదో కనుక్కునే దాకా రోడ్డు మీదే వెళ్లాలనుకుని ప్లాన్ చేసుకోండి. రుషికేశ్ నుంచి జోషీమఠ్ 250 కిలోమీటర్లు, పగలంతా కారులోనే.

చార్‌ధామ్‌కి వెళ్లే పెద్దవాళ్లకు ఒక మాట. ఏప్రిల్ ఆఖరునో మే మొదట్లోనో గుళ్లు తెరిచిన కొత్తలో 3,583 మీటర్ల ఎత్తున్న కేదార్‌నాథ్ చుట్టూ మంచు ఉంటుంది, ఒక్కోసారి మీరుండగానే పడుతుంది కూడా. 2025లో కేదార్‌నాథ్ మే 2న, బద్రీనాథ్ మే 4న తెరిచారు. అమ్మానాన్నలకు యాత్ర, పిల్లలకు మంచు రెండూ ఒకే ఖర్చులో కావాలనుకునేవాళ్లకు ఇది ఔలికంటే నయం. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నడక ఎక్కువ.

## ఉత్తర సిక్కిం

ఇక్కడ స్కీయింగ్ లేదు, అది ముందే అనుకోండి. ఉన్నది ఎత్తు. లాచుంగ్ 2,700 మీటర్లు, అక్కడి నుంచి యుమ్‌థాంగ్ లోయ 3,560, ఆ పైన జీరో పాయింట్ 4,600 దాకా. వేసవి సెలవుల్లో, మే మొదటి వారంలో కూడా జీరో పాయింట్ దగ్గర మంచు ఉంటుంది. దారిలో యుమ్‌థాంగ్‌లో రోడోడెండ్రాన్ పూలు పూసి ఉంటాయి. బడి పిల్లల తేదీలకు సరిగ్గా కుదిరే చోటు ఇదే.

లాచుంగ్‌లో పడుకుని పొద్దున్నే లేచి జీరో పాయింట్‌కి వెళ్లడమంటే కొన్ని గంటల్లో 1,900 మీటర్లు ఎక్కడం. అక్కడ పరుగులు పెట్టిన పిల్లలు కారెక్కగానే తల పట్టుకుంటారు. డెబ్బై దాటినవాళ్లను యుమ్‌థాంగ్ దగ్గరే ఆపేయడం మంచిది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ లాంటి మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనేవి కావు, డాక్టరు చెప్తేనే.

దారి సంగతి ఇంకా సున్నితం. 2023 అక్టోబరులో దక్షిణ ల్హోనక్ సరస్సు తెగి తీస్తా లోయలో రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. 2025 మే ఆఖరున వానలకు లాచెన్, లాచుంగ్‌లలో పదిహేను వందల మంది దాకా పర్యాటకులు చిక్కుకున్నారు. వెళ్తే మే మొదటి పది రోజుల్లోపే. నెలాఖరుకి జరపొద్దు. ఉత్తరం కుదరకపోతే గాంగ్‌టక్ నుంచి 3,753 మీటర్ల ఛాంగూ సరస్సు ఒక్క రోజు పని. ఏప్రిల్ మొదటి సగంలో అక్కడా మంచు దొరకొచ్చు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | గుల్‌మార్గ్ | మనాలి వైపు | ఔలి | ఉత్తర సిక్కిం |
|---|---|---|---|---|
| చేరగల ఎత్తు (మీటర్లు) | 2,650 – 3,950 | 2,500 – 3,150 | 2,500 – 3,050 | 3,560 – 4,600 |
| మార్చి మొదట్లో | స్కీయింగ్ బాగుంటుంది | సోలాంగ్ అనుమానం, సిస్సు బాగు | అదృష్టాన్ని బట్టి | మంచు ఎక్కువై దారి మూయొచ్చు |
| ఏప్రిల్ మొదట్లో | కొంగ్‌డూరీ, ఆ పైన | టన్నెల్ అవతల | దాదాపు లేనట్టే | బాగుంటుంది |
| ఏప్రిల్ ఆఖరున | అఫర్వట్ మీద చూడటానికి | కోక్‌సర్ వైపు ఆడుకోవడానికి | పచ్చిక | జీరో పాయింట్ దగ్గర |
| కొత్తవాళ్లకు స్కీయింగ్ | ఉంది | ఫిబ్రవరిలో ఉంది | ఫిబ్రవరిలో ఉంది | లేదు |
| ప్రధాన ఇబ్బంది | గాలికి గండోలా ఆగడం | ట్రాఫిక్, ఘాట్ రోడ్డు | దూరం, మంచు లేకపోవడం | ఎత్తు, కొండచరియలు |

స్కీయింగ్ నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న పాతికేళ్లవాళ్లు ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదటి సగంలో గుల్‌మార్గ్ వెళ్లండి. ఐదారు రోజులు కదలకుండా అక్కడే ఉండండి. పహల్గాం, సోన్‌మార్గ్, దాల్ లేక్ అన్నీ ఒకే టూర్‌లో ఇరికిస్తే స్కీయింగ్ అరపూట ముచ్చట అయిపోతుంది. ఇంటర్ అయిపోయిన పిల్లలతో మార్చి చివర వెళ్లేవాళ్లకూ గుల్‌మార్గే, కాకపోతే పొద్దున్నే లేవాలి. చిన్నపిల్లలు, అమ్మమ్మ, తాతయ్య అందరూ కలిసి ఏప్రిల్ ఆఖరున బయల్దేరితే మనాలి, కోక్‌సర్. రాత్రి పడక రెండు వేల మీటర్ల దగ్గరే కాబట్టి పెద్దవాళ్లకు ఊపిరి ఇబ్బంది తక్కువ. ఎవరికీ జబ్బులు లేని, ముప్పై నలభై ఏళ్ల జంటలు మే మొదట్లో సిక్కిం చూడొచ్చు.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఏప్రిల్, మే నెలల్లో వెళ్లే అమ్మానాన్నలు పాలకొల్లు, తణుకు వైపు తక్కువేం కాదు. మీది ఆ టికెట్ అయితే పై నాలుగూ పక్కన పెట్టేయండి. కొలరాడోలో అరాపాహో బేసిన్ అనే స్కీ ప్రాంతం అడుగు భాగమే 3,280 మీటర్ల ఎత్తులో ఉంది. చాలా ఏడాదుల్లో జూన్ దాకా నడుస్తుంది. కాలిఫోర్నియాలో మామత్ మౌంటెన్ కూడా మే ఆఖరు దాకా నడవడం మామూలు. ఎయిర్‌పోర్టు నుంచి అక్కడి దాకా రోడ్డు బాగుంటుంది, డ్రైవింగ్ అబ్బాయో అల్లుడో చేస్తాడు, మీకు టెన్షన్ ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం వాలు మీదికి వెళ్లకుండా లిఫ్టు పక్కనే ఉండిపోవడం మంచిది.

## సూచనలు చదవడం, డబ్బు కట్టడం

నెల రోజుల ముందు "ఫలానా తేదీన మంచు పడుతుంది" అని చెప్పే యాప్‌ని నమ్మకండి. భారత వాతావరణ శాఖ ప్రతి గురువారం నాలుగు వారాలకు ఒక విస్తృత సూచన ఇస్తుంది. దాన్నిబట్టి ఆ వారాలు మామూలుకంటే తడిగా ఉంటాయా, పొడిగానా అన్నంత వరకే తీసుకోవాలి. నిజంగా పనికొచ్చేది చివరి ఐదు రోజుల సూచన. శ్రీనగర్, సిమ్లా, డెహ్రాడూన్ వాతావరణ కేంద్రాలు విడివిడిగా ఇస్తాయి. అందులో "ఐసోలేటెడ్" అని ఉంటే నాలుగో వంతు చోట్ల లోపే పడుతుందని, "వైడ్‌స్ప్రెడ్" అంటే మూడొంతులకు పైగా చోట్ల పడుతుందని. "వాన లేదా మంచు" అని కలిపి రాస్తే మీరుండే ఎత్తుకు ఏది వర్తిస్తుందో పైన చెప్పిన లెక్క వేసుకోండి. స్కీ ప్రాంతాల సూచన ఇచ్చే వెబ్‌సైట్లలో కింద, మధ్య, పైన అని మూడు ఎత్తులకు వేర్వేరుగా ఉంటుంది. మనవాళ్లు పైదాని అంకె చూసి సంబరపడతారు. మీరు పడుకునేది కింద, స్కీయింగ్ నేర్చుకునేది మధ్యలో. ఆ రెండూ చూడండి.

ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఉన్న రోజుల్లో కొండ దారి ప్రయాణం పెట్టుకోవద్దు. తుపాను హెచ్చరికలు చిన్నప్పటి నుంచి వింటున్న మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మంచు చరియల హెచ్చరిక విడిగా వస్తుంది. చండీగఢ్‌లోని రక్షణ శాఖ సంస్థ డీజీఆర్ఈ జిల్లాలవారీగా ఐదు స్థాయిల్లో ఇస్తుంది. గుల్‌మార్గ్‌కి బారాముల్లా జిల్లా, సిస్సుకి లాహుల్ స్పితి, ఔలికి చమోలీ చూడాలి.

రైలు, విమానం ముందు తీసుకోండి, అవి ఆలస్యమైతే రేటు పెరుగుతుంది. హోటల్ మాత్రం రద్దు చేస్తే డబ్బు వెనక్కిచ్చేదే తీసుకోండి, రెండు వందలు ఎక్కువైనా సరే. గండోలా టికెట్ తేదీని మీరుండే రోజుల్లో మధ్య రోజుకి పెట్టుకోండి, మొదటి రోజుకి కాదు. చలి బట్టలన్నీ ఇక్కడ కొనక్కర్లేదు. ఓవర్‌కోటు, గమ్ బూట్లు టాంగ్‌మార్గ్‌లోనూ, మనాలి దారిలోనూ అద్దెకు దొరుకుతాయి. తీసుకెళ్లాల్సింది రెండు జతల ఉన్ని సాక్స్, నీళ్లు దిగని చేతి తొడుగులు, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్. వసంతపు ఎండ మంచు మీద పడి ఎగజిమ్మితే సాయంత్రానికి ముఖం కమిలిపోతుంది, అద్దాలు లేకపోతే కళ్లు మంటలెత్తుతాయి.

తిరుగు ప్రయాణంలో కొండ దిగే రోజుకీ, ఢిల్లీ నుంచి విమానం లేదా ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కే రోజుకీ మధ్య ఒక రాత్రి ఖాళీ పెట్టుకోండి. ప్యాకేజీ ఏజెంటు ఆ రాత్రి అనవసరం అంటే, దారి మూసుకుపోయి రైలు తప్పితే కొత్త టికెట్ డబ్బు ఎవరు పెట్టుకుంటారో కాగితం మీద రాసివ్వమని అడగండి.